ఏడో నంబరు గది కంప్యూటరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఏడో నంబరు గదివాళ్ళం ఐదుగురం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఏం రాయాలి? రేషన్ బియ్యం అన్నం గురించి, నీళ్ళ సాంబారు గురించి, గోడ దూకి సెకండ్ షోకు వెళ్ళడం గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. 2007లో డిగ్రీ అయిపోయి వెళ్ళేటప్పుడు మేమూ అవే రాశాం. అప్పుడు రాయకుండా దాటేసింది ఒకటుంది. అది కంప్యూటరు సంగతి. హాస్టల్‌కు కంప్యూటరు వచ్చిందని, పనిచేయలేదని, తర్వాత బాగయిందని మా బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. మధ్యలో జరిగింది కూడా తెలుసు. కానీ ఎక్కడ కలిసినా దాని గురించి మాత్రం మాట్లాడుకోం.

అది 2006 జూలై. అప్పటికింకా మనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఖమ్మంలో ఒక బ్యాంకు బ్రాంచివాళ్ళు పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టుకుంటున్నారని తెలిసి, మన వార్డెన్ సార్ ఒక అర్జీ రాసి ఇచ్చారు. నెల తిరక్కుండానే ఒక కంప్యూటరు తీసుకెళ్ళమని కబురొచ్చింది. ట్రాలీ రిక్షా మాట్లాడుకుని, మానిటర్‌కు హాస్టల్ దుప్పటి చుట్టి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు నడిపించుకుంటూ తెచ్చాం. కామాటి పెద్దాయన గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాడు. కిటికీకి ఊచలు, తలుపుకు తాళం సరిగ్గా ఉన్నది మా ఏడో నంబరు గదికే కాబట్టి దాన్ని మా గదిలోనే పెట్టారు. ఆ రోజు నుంచి మా నడకే మారిపోయింది.

ఇప్పటి తమ్ముళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుందేమో. మీలో చాలామంది జేబుల్లో ఉన్న ఫోను ఆ డబ్బాకంటే ఎన్నో రెట్లు బలమైనది. అది పెంటియం త్రీ. 128 ఎంబీ ర్యామ్, అదీ 64 ఎంబీవి రెండు కలిపి. 10 జీబీ హార్డ్ డిస్క్. కానీ బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదువుతున్న మా ఇద్దరికి కూడా కాలేజీ ల్యాబులో వారానికి రెండు గంటలే, అదీ ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురం. కీబోర్డు మన చేతికి వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. బయట ఇంటర్నెట్ సెంటర్లో గంటకు ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలంటే అప్పుడు ఊరికి వెళ్ళే బస్సు చార్జీ.

బ్యాంకువాళ్ళు తమ లెక్కలన్నీ తుడిచేసి, హార్డ్ డిస్క్ ఖాళీ చేసి ఇచ్చారు. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మనమే ఎక్కించుకోవాలి. 64 మందిమి తలా పది రూపాయలు వేసుకుంటే 640 వచ్చింది. దాంతో కీబోర్డు, మౌసు, జంక్షన్ బాక్సు కొన్నాం. తెలిసిన ఇంటర్నెట్ సెంటర్ అతని దగ్గర విండోస్ ఎక్స్‌పీ సీడీ అడిగి తెచ్చాం. అది కాపీ సీడీయే. ఇన్నేళ్ళ తర్వాత దాచడం ఎందుకు?

ఇక్కడ ఒక తమ్ముడి గురించి చెప్పాలి. పేరు రాయొద్దని అతనే అడిగాడు కాబట్టి, మేం అప్పుడు పిలిచిన పేరే రాస్తాం. ‘వైండింగ్’. మధిర వైపు పల్లె, ఇంటర్ ఫస్టియర్‌లో చేరి నెల కూడా కాలేదు. పదో తరగతి సెలవుల్లో వాళ్ళ ఊరి దగ్గర మోటారు వైండింగ్ షాపులో పనిచేశాడు. కాలిపోయిన పంపుసెట్టు మోటారు వస్తే పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టి, తీగ గేజీ ఎంతో, ఏ గాడిలో ఎన్ని చుట్లో రాసుకోవడం అతని పని. ఆ లెక్క తప్పితే కొత్తగా చుట్టిన మోటారు కూడా మళ్ళీ కాలిపోతుంది. అందుకే అతని దగ్గర ఎప్పుడూ ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఏది విప్పినా ముందు అందులో రాసేవాడు. మేం నవ్వేవాళ్ళం.

కంప్యూటరు డబ్బా నిండా బ్యాంకు దుమ్ము. విప్పి దులుపుతావా అని అతన్ని అడిగాం. ఆదివారం పొద్దున పెయింటు బ్రష్షుతో దులిపాడు. ర్యామ్ రెండూ తీసి, వాటి బంగారు రంగు కాళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఏ తీగ ఎక్కడ ఉందో, ఏ ముక్క ఏ స్లాటులో ఉందో నోటుబుక్కులో బొమ్మ వేసుకున్నాడు. దులపమని చెప్పింది మేమే. తర్వాత జరిగిన మీటింగులో ఈ మాట మాలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టాం. గదిలో కాలు పెట్టే చోటు లేదు. కిటికీ ఊచలు పట్టుకుని బయట ఇంకో పదిమంది. ఆన్ చేయగానే సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చింది. బోర్డు మీద ఉండే బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, అంతే. ఎఫ్1 నొక్కి ముందుకు వెళ్ళాం. బయోస్‌లో ముందు సీడీ నుంచి మొదలయ్యేలా మార్చాం. నీలం తెర వచ్చింది. ఎఫ్8 నొక్కి ఒప్పుకున్నాం. ఫార్మాట్ అయింది. ఫైళ్ళు కాపీ కావడం మొదలై పసుపు గీత జరుగుతుంటే, క్రికెట్ స్కోరు చెప్పినట్టు ఒకడు గట్టిగా శాతాలు చదువుతున్నాడు. 39 దగ్గర ఆగిపోయింది. ఫలానా ఫైలు కాపీ చేయలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించాలంటే ఎంటర్ నొక్కు, వదిలేయాలంటే ఎస్కేప్ నొక్కు అంది. ఎంటర్ నొక్కాం. మళ్ళీ అదే మాట. ఎస్కేప్ నొక్కాం. కాస్త దూరం పోయి ఇంకో ఫైలు. అలా ఏడెనిమిది వదిలేసి చివరికి చేరాం. రీస్టార్ట్ అయ్యాక నల్ల తెర మీద ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

సీడీ పాడయిందనుకున్నాం. లుంగీ అంచుతో గుండ్రంగా తుడిచాం. అలా తుడవకూడదని, మధ్య నుంచి అంచుకు తుడవాలని తర్వాత తెలిసింది. వారంలో ఇంకో రెండు సీడీలు తెచ్చాం. సీడీ డ్రైవు కేబులు మార్చాం. ఒక రాత్రి 17 శాతం దగ్గర ఆగింది, ఒక రాత్రి 81 దాకా పోయింది. ఒకసారి కాపీ అంతా అయిపోయి, తర్వాత దశలో నీలం తెర మీద తెల్ల అక్షరాలు విసిరికొట్టి ఆగిపోయింది. వైండింగ్ ఒక మూల కూర్చుని ప్రతిసారీ శాతం, ఫైలు పేరు, ఏ సీడీ, ఎన్ని గంటలకు అన్నీ రాసుకుంటున్నాడు. ఒక రాత్రి మాత్రం నెమ్మదిగా అన్నాడు.

“అన్నా, ప్రతిసారీ వేరే ఫైలు దగ్గర ఆగుతోంది.”

“అయితే ఏంట్రా?”

“సీడీ గీత పడితే రోజూ ఒకే చోట ఆగాలి గదన్నా.”

ఎవరం వినలేదు. డిగ్రీ ఫైనలియర్ వాళ్ళం, ఇంటర్ పిల్లాడు చెబితే వింటామా?

ఇంటర్నెట్ సెంటర్ అతన్ని అడిగితే, లోపల ఎవరైనా చేయి పెట్టారా అన్నాడు. పెట్టారు అన్నాం. ఉత్త చేత్తో ముట్టుకుంటే ఒంట్లోని కరెంటుకే చిప్పులు పోతాయి, రబ్బరుతో రుద్దితే బంగారు పూత పోతుంది అన్నాడు. మొదటి మాటలో కొంత నిజం ఉంది. ఒంటి మీద చేరే స్టాటిక్ కరెంటుతో చిప్పులు పోయే ప్రమాదం ఉన్నది వాస్తవమే. మాకు ఆ కొంత నిజం చాలు. హాస్టల్‌కు వచ్చేసరికి అది తీర్పు అయిపోయింది.

భోజనాల హాల్లో మీటింగు పెట్టాం. వార్డెన్ సార్‌కు చెప్పలేదు, మనలో మనమే తేల్చుకుందాం అనుకున్నాం. అరవై మంది ముందు అతన్ని నిలబెట్టి ఎందుకు ఊడదీశావురా అని అడిగాం. అతను మా ఐదుగురి మొహాలూ చూశాడు. మేం చెప్పమన్నామని అతను అనలేదు, మేమూ అనలేదు. మూడు వందలు జరిమానా వేశాం. అందరి డబ్బు పాడయింది కాబట్టి న్యాయమే అనుకున్నాం. చప్పట్లు కూడా కొట్టారు కొందరు. ఆదివారాలు ఊరికి పోయి వైండింగ్ షాపులో పనిచేసి రెండు వాయిదాల్లో 150 కట్టాడు. చందాల పుస్తకంలో అతని సంతకంతో సహా ఉంది. అందరూ తిన్నాక వచ్చి తినేవాడు. దుప్పటి తీసుకుని వరండాలో పడుకునేవాడు. ఒకరోజు అతని పళ్ళెం పక్కన ఎవరో రబ్బరు ముక్క పెట్టారు. ఆ పెట్టింది మా గదివాడే. అందరం నవ్వాం.

అక్టోబరు 2న విజయదశమి. సెలవులు అయిపోయాయి, అందరూ తిరిగొచ్చారు. అతను రాలేదు. ట్రంకుపెట్టె పండక్కి వెళ్ళేటప్పుడే తీసుకెళ్ళాడని అప్పుడు గమనించాం. నోటుబుక్కు మాత్రం మానిటర్ కింద పెట్టి వెళ్ళాడు.

ఆ వారంలోనే, మన హాస్టల్లో ఇంటర్ చదివి వరంగల్‌లో ఇంజనీరింగ్ చేస్తున్న అన్న ఒకాయన ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి రాత్రికి మా గదిలో ఉన్నాడు. ఆయన సంచిలో ఉబుంటు సీడీ ఉంది. ఆ రోజుల్లో అడిగినవాళ్ళకు దాన్ని ఉచితంగా, పోస్టు ఖర్చు కూడా లేకుండా పంపేవారు. షిప్‌ఇట్ అనేవాళ్ళు ఆ పథకాన్ని. 2005లో మొదలై 2011 దాకా నడిచింది. మార్క్ షటిల్‌వర్త్ అనే దక్షిణాఫ్రికా ఆయన స్థాపించిన కెనానికల్ కంపెనీ ఆ పని చేసేది. అన్న దగ్గరున్నది 2006 జూన్‌లో విడుదలైన 6.06.

కథంతా విని అన్న ముందు కంప్యూటరు ముట్టుకోలేదు. నోటుబుక్కు తీసి చదివాడు. రెండు పేజీలు తిప్పి, “ఇది రాసిందెవరు?” అన్నాడు. చెప్పాం. “జవాబు ఇందులోనే ఉంది కదరా” అన్నాడు.

మూడు సీడీలు, పదకొండు ప్రయత్నాలు. ఒకే ఫైలు దగ్గర రెండుసార్లు ఆగింది లేదు. సీడీ తప్పైతే ఆ సీడీ ఒకే చోట తడబడుతుంది. హార్డ్ డిస్క్ తప్పైతే దాదాపు ఒకే ప్రాంతంలో తడబడుతుంది. ఊరికొక చోట తడబడుతోందంటే రెండింటి మధ్యన ఉన్నది చూడాలి. సీడీ నుంచి వచ్చే ప్రతి ఫైలూ ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి హార్డ్ డిస్క్‌లోకి పోతుంది. మనకు అర్థమయ్యేలా అన్న చెప్పిన మాట ఇదీ: వంటగదిలో సాంబారు బాగానే ఉంది, పళ్ళేలూ బాగానే ఉన్నాయి, వడ్డించే బకెట్‌కు చిల్లుంది.

ఉబుంటు సీడీ పెడితే మొదట ఒక పట్టిక వస్తుంది. అందులో సీడీలో లోపాలున్నాయేమో చూసే వరుస ఒకటి, మెమరీ టెస్ట్ ఒకటి. మొదటిది నొక్కితే ఒక ఫైలు తప్పన్నది. అదే సీడీని మళ్ళీ పరీక్షిస్తే మూడు తప్పన్నది. అన్న నవ్వి మెమరీ టెస్ట్ నొక్కాడు. నీలం తెర మీద అంకెలు పరుగెత్తుతున్నాయి. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక ఎర్ర గీత. దాని కింద ఇంకోటి. కాసేపట్లో తెర కింది సగమంతా ఎరుపే. ఆ టెస్టు ర్యామ్‌లోని ప్రతి గదిలో ఒక విలువ రాసి, తిరిగి చదివి, రాసినదే వచ్చిందా అని చూస్తుంది. రానిచోట ఎర్ర గీత వేస్తుంది. కిటికీ దగ్గర ఆ రాత్రి ఎవరూ లేరు. మేం ఐదుగురమే చూశాం.

“అయితే వాడు ముట్టుకోవడం వల్లే పోయిందేమో” అని మాలో ఒకడు అన్నాడు. నిజం చెప్పాలంటే ఐదుగురమూ అదే అయి ఉండాలని కోరుకున్నాం. పొద్దున్నే అన్న బస్సెక్కి వెళ్ళిపోయాడు, సీడీ మాకే ఇచ్చాడు. మేం ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. ఆ కంప్యూటరు మీద పనిచేసిన గుమాస్తా గారిని అడిగితే తల ఎత్తకుండానే చెప్పారు. “అదా? రోజూ మధ్యాహ్నానికి ఒకసారి ఆగిపోయేది బాబూ. అందుకే గదా ముందు దాన్ని తీసేసింది.”

జూలైలోనే అడిగి ఉంటే జూలైలోనే చెప్పేవారు.

మరుసటి ఆదివారం మధిర బస్సెక్కాం. ఊళ్ళో అడిగితే ఇంటికి కాదు, షాపుకు దారి చూపించారు. అతను నేల మీద కూర్చుని, రెండు కాళ్ళ మధ్య మోటారు బాడీ పెట్టుకుని గాడిలోకి తీగ దింపుతున్నాడు. మమ్మల్ని చూశాడు. పెదాలు కదులుతూనే ఉన్నాయి, లెక్కపెడుతున్నాడు. మేం నోరు తెరవబోతే షాపు యజమాని చేయి అడ్డం పెట్టి, లెక్కలో ఉన్నప్పుడు పలకరించొద్దన్నాడు. నిలబడ్డాం. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఏమని మొదలుపెట్టాలో బస్సులో అనుకున్న మాటలన్నీ ఆ నిలబడ్డ సేపట్లో పోయాయి. అతను చుట్టు పూర్తిచేసి, అంకె రాసుకుని, తల ఎత్తాడు.

“ర్యామ్ పోయిందంటరా” అన్నాం. “బ్యాంకులో ఉన్నప్పుడే పోయిందంట.”

“రెండిట్లో ఏదన్నా?”

తెలియదన్నాం. అది కనుక్కోవాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, “ఒక్కోటి తీసి చూస్తే తెలుస్తుంది గదా” అన్నాడు. యజమాని మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసి, “మావాడేం పాడు చేశాడయ్యా మీది?” అని అడిగాడు. అంటే ఇంట్లోవాళ్ళకు చెప్పని సంగతి ఆయనకు చెప్పుకున్నాడన్నమాట. ఏమీ చేయలేదని చెప్పాం. ఆ మాటైతే అన్నాం. క్షమించమని మాత్రం అనలేదు. ఆ రోజు కాదు, హాస్టల్లో ఉన్న మిగతా ఆరు నెలల్లోనూ కాదు.

సోమవారం ట్రంకుపెట్టెతో దిగాడు. ఒక ర్యామ్ తీసి గంట టెస్టు, అది పెట్టి రెండోది తీసి గంట టెస్టు. ఒకటి శుభ్రంగా ఉంది, రెండోది ఎర్రగా వచ్చింది. అది స్లాటు తప్పేమోనని శుభ్రంగా ఉన్నదాన్ని అదే స్లాటులో పెట్టి ఇంకో గంట చూశాడు. ఆ మూడో పరీక్ష మాకు తట్టేది కాదు.

మిగిలిన 64 ఎంబీతో పని జరగదు. 150 రూపాయలు అతనికి తిరిగి ఇచ్చాం. తీసుకుని, లెక్కపెట్టుకుని, చందాల పుస్తకంలో ముట్టినట్టు సంతకం చేశాడు. ఈసారి మా ఐదుగురమే తలా ఎనభై వేసుకున్నాం. మాలో ఒకరం, అతనూ గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో సికింద్రాబాద్ వెళ్ళి, పార్క్‌లేన్‌లోని సీటీసీలో అంగడి అంగడీ తిరిగి 128 ఎంబీ పాత ర్యామ్ నాలుగు వందలకు బేరమాడాం. డబ్బిచ్చేముందు అతను సంచిలోంచి ఉబుంటు సీడీ తీసి, మీ కంప్యూటర్లో పెట్టి టెస్టు చేసి చూపించండన్నాడు. షాపతను నవ్వాడు గానీ పెట్టాడు. గంటసేపు ఆ కౌంటర్ దగ్గరే నిలబడ్డాం. ఎరుపు రాలేదు.

192 ఎంబీ అయింది. 6.06కు అది బొటాబొటి. ఎక్స్‌పీ కాపీ సీడీ జోలికి మళ్ళీ పోలేదు. రాత్రి పదింటికి మొదలుపెడితే గోధుమ రంగు తెర రావడానికే చాలాసేపు పట్టింది. మౌసు జరిపితే కాసేపటికి కదిలేది. కిటికీ దగ్గర మళ్ళీ జనం చేరారు, ఎవరూ శాతాలు చదవలేదు. మధ్యలో వాడేవారి పేరేమిటని అడిగింది. కీబోర్డు ముందు అతనే ఉన్నాడు. హాస్టల్ అని కొట్టాడు. రెండు దాటాక, అయిపోయింది, సీడీ తీసి రీస్టార్ట్ చేయమంది. చేస్తే లేచింది.

తర్వాత అది ఏం పెద్ద ఘనకార్యం చేయలేదు. ఓపెన్ ఆఫీసులో బయోడేటాలు కొట్టుకుని, ఫ్లాపీలో వేసుకుపోయి బయట ప్రింటు తీసుకునేవాళ్ళం. ఉద్యోగాల అప్లికేషన్లతో పెట్టే బయోడేటాకు ఇంటర్నెట్ సెంటర్లో పేజీకి ఇంతని తీసుకునేవారు, ఆ డబ్బు మిగిలింది. మా తర్వాత బ్యాచ్‌లు కూడా నాలుగైదేళ్ళు వాడారని విన్నాం. ఆ డబ్బా చివరికి ఏమైందో తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి.

అతను ఇంటర్ అయ్యాక ఐటీఐ చేశాడు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డులో ఉద్యోగం. ఇది రాసి ముందు అతనికే ఫోన్లో చదివి వినిపించాం. మీటింగు దగ్గరికి వచ్చేసరికి మా గొంతు ఆగింది, అతను “చదవండన్నా” అన్నాడు. రబ్బరు ముక్క సంగతి చదివినప్పుడు అవతల చప్పుడు లేదు. చేయాల్సింది అప్పుడే చేయాల్సిందని, ఇన్నేళ్ళకు క్షమించమని అడుగుతున్నామని ఐదుగురం కాన్ఫరెన్స్ కాల్లోనే అన్నాం. అతను దానికి ఏమీ అనలేదు. కాసేపాగి, ఒక్కటి తప్పు రాశారన్నాడు. మేం మొదట రాసినప్పుడు పాడైన ర్యామ్ మొదటి స్లాటులోది అని రాశాం.

“రెండో స్లాటులోదన్నా. బొమ్మ వేసి ఉంటుంది, నోటుబుక్కు చూడండి.”

చూశాం. రెండో స్లాటే. ఆ పొడుగు నోటుబుక్కు ఇన్నాళ్ళూ మా దగ్గరే ఉండిపోయింది. ఈ వార్షికోత్సవానికి అతనూ వస్తానన్నాడు, తెచ్చి ఇస్తున్నాం.

— ఏడో నంబరు గది, 2004-07 బ్యాచ్